నాలుగో ఆటకు ముందు గురువారం

ఆగస్టు రెండో వారంలో మా అబ్బాయి ఎవాన్ కాలేజీ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, కొత్త కుర్రాడు వచ్చాడు," అన్నాడు.

"వస్తే రానీ. నువ్వు ముందు వచ్చావు," అన్నాను.

ఆ సీజన్ మొత్తానికీ నా దగ్గరున్న వాదన అదొక్కటే.

అమెరికా ఫుట్‌బాల్ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు టీముకి ఒక్కడే. బంతి ముందు వాడి చేతికి వస్తుంది. ఎవరికి విసరాలో మూడు సెకన్లలో వాడే తేల్చుకోవాలి, ఎదుటివాళ్ళు మీద పడేలోపు. వాడి చోటు ఒక్కటే కాబట్టి ఇద్దరుంటే ఒకడు ఆడతాడు, రెండోవాడు టోపీ పెట్టుకుని గీత అవతల నిలబడతాడు. ఎవాన్ రెండేళ్ళు అలా టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. మూడో ఏడు ఆడాడు. పది ఆటల్లో నాలుగు గెలిచారు. ఇది నాలుగో ఏడు. నాలుగు సీజన్లు అయ్యాక ఇక ఆడనివ్వరు.

నేను ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర కార్ల సీట్లకి కవర్లు కుట్టే ప్లాంటులో పని చేస్తాను. యూనియన్ స్టీవార్డ్‌ని. అంటే లైనులో ఎవరికి అన్యాయం జరిగినా సూపర్‌వైజర్ గదిలోకి ముందు నడిచే మనిషిని. ఇంటర్ తప్పాను. నాకు ఇంగ్లీషు నేర్పింది యూనియన్ కాంట్రాక్టు పుస్తకం. ఒక్కో క్లాజు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. అందులో రెండు సంగతులు నాకు బైబిలు వాక్యంలా నోటికొచ్చు. ముందు చేరినవాడికి ముందు హక్కు. ఒంటికి దెబ్బ తగిలితే సూపర్‌వైజర్ చెవిలో చెప్పకు, ఆ రోజే కాగితం మీద పెట్టించు, లేకపోతే ఆ దెబ్బ మీ ఇంట్లో తగిలిందంటారు. ఈ రెండోది నేను కనీసం రెండు వందల మందికి చెప్పి ఉంటాను. బ్రేక్ రూమ్ గోడకి నా చేత్తో రాసి అంటించాను. స్పెల్లింగ్ తప్పులుంటే ఉన్నాయి.

కొత్త కుర్రాడి పేరు మైకా. పద్దెనిమిదేళ్ళు, ఫ్రెష్‌మన్, అంటే కాలేజీలో మొదటి ఏడు.

"అరవై గజాలు విసురుతాడమ్మా. ఈజీగా. అలా నవ్వుతూ విసిరేస్తాడు," అన్నాడు ఎవాన్. వాడి గొంతులో ఏడుపు లేదు, మెచ్చుకోలు ఉంది. అదే నాకు నచ్చలేదు.

"టీము ఎత్తులన్నీ నీకు నోటికొచ్చు. వాడికొచ్చా?"

"నేర్చుకుంటున్నాడు. నేనే చెప్తున్నా."

"నీ చోటు లాక్కోడానికి వచ్చినవాడికి నువ్వే నేర్పుతున్నావా?"

"అమ్మా, ఇది ప్లాంట్ కాదు."

నాకు మాత్రం అన్నీ ప్లాంటులాగే కనపడతాయి. పదిహేడేళ్ళుగా అలా చూడబట్టే మా లైనులో చాలామంది ఇంకా పనిలో ఉన్నారు. దానికి నేను ఎవరికీ క్షమాపణ చెప్పను.

సెప్టెంబరులో మొదటి ఆట ఎలాగో గెలిచారు. రెండోది వేరే ఊళ్ళో, ఓడారు. మర్నాడు ఆదివారం ఎవాన్ ఐ-96 హైవే మీద రెండు గంటలు డ్రైవ్ చేసుకుని ఇంటికి వచ్చాడు. మా తెలుగు చర్చిలో ఆరాధన అయిపోయి మేం అప్పుడే ఇల్లు చేరాం. మా ఆయన ఏసుపాదం సంఘపెద్ద. కుర్చీలు మడిచి, మైకులు సర్ది, అందరికంటే ఆఖరున బయటికొచ్చే రకం. కోడికూర వేడి చేస్తుంటే ఎవాన్ ప్లేట్లు తీయడానికి లేచాడు. పై అరలోంచి ఎడమ చేత్తో తీశాడు. వాడిది కుడిచేతి వాటం.

"ఆ చెయ్యెత్తు," అన్నాను.

"ఏం లేదమ్మా."

"ఎత్తమన్నాను."

చెయ్యి చెవి దాకా లేచి ఆగిపోయింది. వాడి మొహం తెల్లబడింది.

"ఎప్పుడు?"

"నిన్న. సెకండ్ క్వార్టర్. ఇద్దరు మీద పడ్డారు. రేపు ట్రైనర్‌కి చెప్తాను." ట్రైనరంటే టీములో పిల్లల దెబ్బలు చూసే మనిషి.

నేను స్టవ్ ఆపాను. ఆ కాసేపట్లో లెక్క అంతా వేసుకున్నాను.

"చెప్పకు," అన్నాను.

ఏసుపాదం అన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "అదేంటి సువార్తా?"

"మీకు తెలీదు, ఊరుకోండి. ఒకసారి కూర్చోబెట్టారంటే మళ్ళీ లేపరు. వీడు కూర్చున్న రోజే ఆ పిల్లాడు గెలిచాడంటే వీడి నాలుగేళ్ళూ గాలికిపోయినట్టే. ఐస్ పెట్టుకో, మాత్రలు వేసుకో, నాలుగు వారాలు లాగు నాన్నా."

ఎవాన్ నన్నే చూశాడు. "ప్లాంట్‌లో ఎవరికైనా ఇలా చెప్తావా నువ్వు?"

"ప్లాంట్‌లో యూనియన్ ఉంది. నీకెవరున్నారు?"

వాడు నవ్వాడు. "నువ్వున్నావుగా."

ఆ మాటకి నేను పొంగిపోయాను. కోడికూరలో మెత్తటి ముక్కలన్నీ ఏరి వాడికే వడ్డించాను.

మూడో ఆట వాళ్ళ కాలేజీలోనే. మేమిద్దరం వెళ్ళాం. ఎవాన్ విసిరిన బంతులు మూడు నేరుగా అవతలివాళ్ళ చేతుల్లో పడ్డాయి. మూడోది పడ్డాక స్టూడెంట్లు కూర్చున్న వైపు నుంచి "మై-కా, మై-కా" అని మొదలైంది. మా ముందు వరుసలో ఒక పెద్దాయన పక్కవాడితో, ఆ నాలుగో ఏడువాణ్ణి కూర్చోబెట్టి ఫ్రెష్‌మన్‌ని దింపడానికి ఈ కోచ్‌కి ఏం అడ్డమో అంటున్నాడు. నేను అతని భుజం తట్టాను.

"మీ ఆఫీసులో కొత్తవాడు చేరితే మీ కుర్చీ ఇచ్చేస్తారా?"

అతను వెనక్కి తిరిగి నన్ను నింపాదిగా చూశాడు. "నేను ఇంత ఘోరంగా పని చేస్తుంటే, మేడమ్, కుర్చీ వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇచ్చొస్తాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఏసుపాదం కూడా మీసం సవరించుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆయనకి మీసం లేదు.

ఆ గురువారం షిఫ్టు మార్చుకుని కోచ్ దగ్గరికి వెళ్ళాను. ఎవాన్‌కి చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. ప్లాంటులో ఫిర్యాదు రాసినట్టే రెండు పేజీలు రాసుకుని వెళ్ళాను. ఎన్నేళ్ళు ఆడాడు, ఎన్ని ప్రాక్టీసులు తప్పకుండా వెళ్ళాడు, తనకంటే చిన్నవాళ్ళకి ఎంత నేర్పాడు, ఇప్పుడు అందర్నీ దాటి కొత్తవాణ్ణి తెస్తే టీములో మిగతా పాతవాళ్ళకి ఏం అర్థమవుతుంది, అన్నీ.

కోచ్ టిల్మన్ యాభై దాటిన మనిషి. కుర్చీలోంచి లేవడానికి టేబుల్ పట్టుకున్నాడు. రెండు పేజీలూ చదివాడు. మధ్యలో వదలకుండా చదివాడు.

"ఇంత శ్రద్ధగా నాకు ఏ తల్లీ రాయలేదు," అన్నాడు.

మా ప్లాంట్ మేనేజర్ కూడా పొగడ్తతోనే మొదలెడతాడు.

"మైకాని దింపడం నాకూ ఇష్టం లేదు," అన్నాడు కోచ్. "క్వార్టర్‌బ్యాక్‌ని కాచే మా ముందు వరుస ఈ ఏడు బలంగా లేదు. పద్దెనిమిదేళ్ళవాణ్ణి ఇప్పుడు వాళ్ళ వెనక నిలబెడితే అవతలివాళ్ళు చితక్కొడతారు. వాడికి భయం పట్టుకుంటుంది. ఒకసారి భయం పట్టుకున్నవాడు మళ్ళీ ఆటగాడు కాడు, అలాంటి పిల్లల్ని చూశాను. ఎవాన్‌కి దెబ్బ ఎటునుంచి వస్తుందో ముందే తెలుస్తుంది. నాకు ఎవానే కావాలి. కానీ ఏప్రిల్ ప్రాక్టీసుల్లో విసిరిన చెయ్యి కాదిది. బంతి చేరాల్సిన చోటికి ముందే పడిపోతోంది."

ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "వాడికి దెబ్బ తగిలిందా? రెండుసార్లు అడిగాను, లేదన్నాడు. పిల్లలు దాస్తారు. మీకు తెలిస్తే ఈరోజే చెప్పండి. మూడు ఆటలకి మించి ఆడకముందే గాయమని డాక్టరు రాస్తే ఈ సీజన్ లెక్కలోకి రాదు. ఎలాగూ డిగ్రీకి ఇంకో ఏడాది ఉంది వాడికి. బాగుచేయించుకుని వచ్చే ఏడు ఆడతాడు. ఈలోపు మైకాని నేను ఎలాగో కాచుకుంటాను. శనివారం నాలుగో ఆటలో దిగాడంటే మాత్రం ఇక ఎవరూ ఏం చేయలేరు."

ఈ మాట నేను ఇంతకుముందు ప్లాంటులో విన్నాను. "నొప్పుంటే మొహమాటపడకుండా చెప్పమ్మా, తేలిక పని ఇస్తాం, తగ్గాక నీ మిషన్ నీకే." నమ్మి చెప్పినవాళ్ళలో ముగ్గుర్ని ఆరు నెలల్లో ఇంటికి పంపారు. గది అదే, టేబుల్ అదే, అడిగేటప్పుడు గొంతు తగ్గించడం కూడా అదే.

ఆ రూలు ఏ పేజీలో ఉందో చూపించు అని అడగాలి. పదిహేడేళ్ళుగా ప్రతి మేనేజర్నీ నేను అడిగే మొదటి మాట అది. ఆ రోజు అడగలేదు. అపనమ్మకం వల్ల అని అందరికీ చెప్తాను. అది సగమే. పుస్తకం తెరిస్తే, అందులో ఆ రూలు ఉంటే, శనివారం వాడు ఆడడు. ఆట మొదట్లో మైకులో చదివే పేర్లలో నా కొడుకు పేరు వినపడదు. "మై-కా" అన్న నోళ్ళు ఆ సాయంత్రమే మూతపడాలని నాకుంది. వచ్చే ఏడు కాదు.

"దెబ్బేమీ లేదు," అన్నాను.

"నిజమేనా?"

"నేను వాడి తల్లిని."

ఆయన తలూపి నా రెండు పేజీలూ జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు. "సరే. శనివారం ఎవానే మొదలెడతాడు."

గెలిచాననుకున్నాను. దారిపొడుగునా పాటలు పాడుకుంటూ డ్రైవ్ చేశాను.

మర్నాడు శుక్రవారం షాలేం రాజు గారింట్లో ప్రార్థన కూడిక. మా దగ్గర పాటలయ్యాక ఒక్కొక్కరూ ప్రార్థన మనవి చెప్పుకుంటారు. ఒకరి హెచ్-వన్ బి వీసా, ఒకరి చెల్లెలి కాన్పు, ఒకరి ఇంటర్వ్యూ. రాజు గారి భార్య అవన్నీ రాసుకుని రాత్రికి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది, రానివాళ్ళు కూడా ప్రార్థించాలని. మా వంతు వచ్చింది. ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసింది. ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను.

"మేమంతా క్షేమమే. దేవునికి స్తోత్రం," అని నేనే చెప్పేశాను.

శనివారం ఎవానే మొదలెట్టాడు. మైకులో పేరు వినపడింది. సగం ఆట అయ్యేసరికి అవతలివాళ్ళకి ఇరవై నాలుగు, మనవాళ్ళకి సున్నా. విసిరిన ప్రతిసారీ వాడి ఎడమ చెయ్యి కుడి మోచేతి కిందకి వెళ్తోంది, పడిపోయేదాన్ని పట్టుకున్నట్టు. రెండో సగంలో మైకా దిగాడు. మూడు పాయింట్ల తేడాలోకి తెచ్చి ఓడాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఓడినవాడికి.

తర్వాతి శుక్రవారం నాకు సెకండ్ షిఫ్టు. ఏసుపాదం ఒక్కడే కూడికకి వెళ్ళాడు. బ్రేకులో ఫోన్ తీస్తే గ్రూపులో ఉంది: "బ్రదర్ ఏసుపాదం గారి కుమారుడు ఎవాన్ కుడి భుజం స్వస్థత కొరకు."

ఆ గ్రూపులో రాజు గారమ్మాయి క్రిస్టినా కూడా ఉంది. ఆ పిల్ల చదివేది ఎవాన్ కాలేజీలోనే. ట్రైనర్ల కోర్సు చదువుతూ టీము దగ్గర పని చేస్తుంది. శనివారం పొద్దున్నే వెళ్ళి హెడ్ ట్రైనర్‌కి చెప్పేసింది. ఎవాన్‌ని ఆ ఆటకి బట్టలే మార్చుకోనివ్వలేదు.

నేను ఆ పిల్లకి ఫోన్ చేశాను. "నిన్నెవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు ఆంటీ. నాకు తెలిసి చెప్పకపోతే అది నా ఫాల్ట్. ఫస్ట్ క్లాస్‌లోనే చెప్పారు మాకు."

"అది ప్రార్థన కోసం చెప్పిన మాట."

"ప్రే చేశాను ఆంటీ. చేశాకే వెళ్ళాను."

ఫోన్ పెట్టేసి మా ఆయన మీద పడ్డాను.

"మీ ప్రార్థన వాడి సీజన్ మింగేసింది."

"నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావు. మనుషులెవరికీ చెప్పలేదు సువార్తా. దేవుడికి చెప్పుకున్నాను."

"షాలేం రాజు గారి హాల్లో, ముప్పై మంది ముందు."

"మనం దేవుడికి చెప్పుకునేది అక్కడేగా," అన్నాడు. తర్వాత, తల వంచుకుని, "పోయిన వారమే చెప్పాల్సింది," అన్నాడు.

ఆయనకి అప్పటికి గురువారం సంగతి తెలియదు. తెలియకుండానే ఆ మాట అన్నాడు.

మంగళవారం స్కాన్ రిపోర్టు వచ్చింది. భుజం కీలు అంచు చిరిగిందన్నారు. ఆపరేషన్, ఆరు నెలలు. రెండు రోజులయ్యాక కోచ్ గదిలో మేం ముగ్గురం, ఎదురుగా ఆయన. ఎవాన్ చెయ్యి మెడకి కట్టిన పట్టీలో ఉంది.

"నెక్స్ట్ ఇయర్?" అని అడిగాడు ఎవాన్. "నేను స్కూల్‌లోనే ఉంటాను కదా, కోచ్. ఈ సీజన్ తీసేయరా?"

కోచ్ టేబుల్ మీద ఉన్న పెన్ను కొంచెం పక్కకి జరిపాడు. "నాలుగు ఆడావు. మూడు దాటితే కాగితం పంపినా ఒప్పుకోరు. పంపి చూశాను, నిన్ననే." నా వైపు చూడలేదు. "నాలుగో ఆటకి ముందు గురువారం మీ అమ్మగారిని అడిగాను."

ఎవాన్ కూడా నా వైపు తిరగలేదు. "యెస్, కోచ్," అన్నాడు. ఏసుపాదం మాత్రం తిరిగాడు.

పార్కింగ్‌లో కారు తలుపు దగ్గర ఎవాన్ ఆగాడు.

"నువ్వు ఇక్కడికి వచ్చావా?"

"వచ్చాను."

"ఇంకో ఇయర్ ఉంటుందని చెప్పాడా?"

"చెప్పాడు."

"మరి నాకు?"

"అబద్ధమనుకున్నాను నాన్నా. వీళ్ళంతా అలాగే చెప్తారు. నీకు తెలీదు, పదిహేడేళ్ళుగా నేను..."

"నన్ను అడగలేదు నువ్వు," అన్నాడు. గొంతు పెంచలేదు. "నా షోల్డర్ అది."

కారు ఎక్కలేదు. హాస్టల్‌కి నడిచి వెళ్ళిపోయాడు. ఆ ఎడమ చేత్తో తండ్రికి మాత్రం టాటా చెప్పాడు.

తర్వాత అంతా మైకానే ఆడాడు. కోచ్ భయపడినట్టే అయింది. రెండు ఆటల్లో వాణ్ణి నేలకేసి కొట్టారు. ఒకదాంట్లో లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవాన్ గీత పక్కన టోపీ పెట్టుకుని నిలబడి ఒంటి చేత్తో సైగలు చేసేవాడు. బంతి అందుకునే ముందు ప్రతిసారీ మైకా వాడివైపే చూసేవాడు. ఇవన్నీ నేను ప్లాంట్ బ్రేక్ రూములో ఫోన్లో చూశాను. గ్రౌండుకి రమ్మని నన్నెవరూ పిలవలేదు, రావద్దని కూడా అనలేదు.

నవంబరు రెండో శనివారం సీనియర్స్ డే. చివరి ఏడు పిల్లలు తల్లినీ తండ్రినీ చెరో పక్కన పెట్టుకుని గ్రౌండు మధ్యలోకి నడుస్తారు. మైకులో పేర్లు చదువుతారు. తల్లి చేతికి ఒక పువ్వు ఇస్తారు. నేను పట్టుచీర కట్టుకుని, మీద కోటు వేసుకుని వెళ్ళాను. గేటు దగ్గర ఎవాన్ ఎదురొచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు, బాగున్న చెయ్యి.

"అమ్మా, నువ్వు స్టాండ్స్‌లో కూర్చో. నాన్న వస్తాడు."

మేనేజర్లతో, లాయర్లతో, పోలీసుతో కూడా వాదించిన నోరు ఇది. ఎక్కడికక్కడ ఏదో ఒక క్లాజు దొరికేది. ఆ గేటు దగ్గర ఒక్కటీ దొరకలేదు. మెట్లెక్కి కూర్చున్నాను.

కాసేపటికి ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. మైకా నంబరున్న చొక్కా, ఒళ్ళో దుప్పటి. పేరు డెనీస్ అని చెప్పింది, మైకా తల్లి.

"మీరు ఎవాన్ అమ్మగారు కదా? కిందికి వెళ్ళలేదేం?"

"మోకాళ్ళు," అన్నాను.

కింద మైకులో మా వాడి పేరు, మా ఆయన పేరు, నా పేరు కూడా చదివారు. నా పేరు మార్చలేదు, తీసెయ్యలేదు. ఇద్దరే నడిచారు. ఏసుపాదానికి పువ్వు ఇస్తే ఎలా పట్టుకోవాలో తెలియక ఒంటికి దూరంగా పట్టుకుని నడుస్తున్నాడు.

"ఒక మాట చెప్పాలి మీకు," అంది డెనీస్. "మా వాడు అక్టోబరులో ఆట మానేసి ఇంటికొచ్చేస్తానన్నాడు. చాలా దెబ్బలు తిన్నాడు. ఎవానే ఆపాడు. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని వీడియోలు చూపించి, ఎక్కడైనా నొప్పి ఉందా అని అడిగి, ఉందంటే తనే ట్రైనర్ దగ్గరికి తీసుకెళ్తాడట. తన చోటుకి వచ్చినవాడికి ఎవరు చేస్తారు అలా? మీరు ఎలా పెంచారో నాకు నేర్పాలి."

"అది వాళ్ళ నాన్న పెంపకం," అన్నాను.

ఆవిడ నవ్వింది. నేను మర్యాదకి అలా అంటున్నాననుకుని, దుప్పటి సగం తీసి నా మోకాళ్ళ మీద కప్పింది.